పదకొండు గోడల మీద ఒకే ముసలమ్మ

అరవైల్లోనూ డెబ్బైల్లోనూ తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కాస్త ఉన్నవాళ్ళెవరైనా పోతే ముందు పురోహితుడికి, తరువాత నాకు కబురు వచ్చేది. పురోహితుడు ఆత్మని పైకి పంపేవాడు. నేను ముఖాన్ని గోడ మీదికి పంపేవాణ్ణి. మా ఇద్దరి పనుల్లో నాదే కంటికి కనబడేది. నా కుంచె తగలందే ఈ డెల్టాలో ఎవరూ పూర్తిగా పోయినట్టు కాదని జనం అనుకునేవారు. అనుకునేవారంటే, నేనే అనేవాణ్ణి. విన్నవాళ్ళెవరూ కాదనలేదు.

తెనాలి స్టేషనుకి దగ్గర్లో ఒక మేడమెట్ల పక్క గది నా స్టూడియో. అది స్టూడియో అని బోర్డు మీద నేనే రాసుకున్నాను. అంతకుముందు నాటకాల వాళ్ళకి తెరలు రాసేవాణ్ణి. వీధి తెర, అడవి తెర, దర్బారు తెర. ఆ పని మానేశాక కూడా దర్బారు నన్ను వదల్లేదు. నేను వేసిన ప్రతి పెద్దమనిషి వెనకా రెండు లావుపాటి స్తంభాలు, ఎర్ర పట్టు పరదా, దూరంగా ఒక సరస్సు ఉంటాయి. బతికినన్నాళ్ళూ దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాల మధ్య గోచీ ఎగగట్టి తిరిగిన ఆసామి అయినా సరే, పోయాక నా దగ్గరికి వచ్చాడంటే సరస్సు ఒడ్డున నిలబడాల్సిందే.

"కోటు వెయ్యండి ఆర్టిస్టుగారూ," అనేవారు కొడుకులు.

"ఆయన కోటు తొడిగేవారా?"

"ఎప్పుడూ లేదండి. ఇక తొడుక్కుంటారు."

కోటు అయ్యాక చేతికి గడియారం. గడియారం అయ్యాక జేబులో పెన్ను. వేలిముద్ర వేసి పొలాలు కొన్న మహానుభావుల జేబుల్లో నేను ఎన్ని పెన్నులు పెట్టానో! ఆ తరువాత అసలు సంగతి గొంతు తగ్గించి చెప్పేవారు. "మా నాన్న రంగు తక్కువేగానండీ, మనిషి మాత్రం తెలుపు." ఈ వాక్యానికి అర్థం ఏమిటని నేను ఒక్కరినీ అడగలేదు. తెల్లరంగు డబ్బా మూత తీసేవాణ్ణి.

వచ్చినవాళ్ళని ఊరికే పంపకూడదు గనక నేనూ కొంత తంతు పెట్టుకున్నాను. పోయినవాళ్ళ కండువా గాని, చీర గాని తెమ్మనేవాణ్ణి. దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని పావుగంట కళ్ళు మూసుకునేవాణ్ణి. ఆ పావుగంటా కొడుకులూ కోడళ్ళూ గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టేవాళ్ళు. కళ్ళు తెరిచి, "వచ్చారు," అనేవాణ్ణి. ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవారు. ఉన్నమాట చెప్పాలంటే, భోజనం చేసి వచ్చాక నాకు కొంచెం కునుకు పట్టే అలవాటు. ఆ అలవాటుకి కండువా తోడయింది, అంతే.

ఇంకొకటి కూడా ఒప్పేసుకుంటాను. నాకు ముఖాలు వెయ్యడం రాదు. ఫొటో మీద పెన్సిలుతో చిన్న గళ్ళు గీసి, గుడ్డ మీద పెద్ద గళ్ళు గీసి, ఈ గడిలో ఉన్నదాన్ని ఆ గడిలోకి ఎక్కించడం వచ్చు. ఓపిక ఉంటే ఎవరైనా చెయ్యొచ్చు. నేను తలుపు వేసుకుని చేసేవాణ్ణి కాబట్టి అది కళ అయింది.

మరి ఫొటోయే లేకపోతే?

ఆ తరం ఆడవాళ్ళకి ఫొటోలు ఉండేవి కావు. మగాడు తెనాలి వచ్చి స్టూలు మీద కూర్చుని తీయించుకునేవాడు. ఆడమనిషికి ఆయుర్దాయం తగ్గుతుందని ఇంట్లోనే ఉంచేవాళ్ళు. తీరా ఆవిడ పోయాక, నాన్న పటం పక్కన గోడ బోసిగా ఉందని కొడుకులకి తోచేది. నా దగ్గరికి వచ్చి, "ఫొటో లేదండి. మీరెలాగూ పిలిస్తే వస్తారటగా," అనేవారు. నా కండువా తంతు నాకే ఎదురు తిరిగిందన్నమాట.

పిలిచినా రారని చెబితే పరువు పోతుంది. అందుకని ఒక నోటుపుస్తకం తెరిచి, పోలీసు పంచనామాలా రాసుకోవడం మొదలుపెట్టాను.

"ముక్కు ఎలా ఉండేది?"

"అచ్చం నాలాగేనండి," అనేవాడు పెద్దకొడుకు.

"ఒరే, నీది నాన్న ముక్కురా. అమ్మ ముక్కు నాది."

"నీకు ముక్కెక్కడుందిరా, రెండు కన్నాలు తప్ప?"

అరగంటకి ముక్కు తేలేది కాదు. కాని నగల దగ్గరికి వచ్చేసరికి ఆ సోదరుల మధ్య ఎక్కడలేని సయోధ్య. కాసులపేరులో ఎన్ని కాసులు, నానుతాడు మెలిక ఎటువైపు, ముక్కుపుడకలో రాయి ఎరుపా తెలుపా, అన్నీ కంఠతా వచ్చు. కోడళ్ళకైతే ఇంకా బాగా వచ్చు. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. వీళ్ళు ఆవిడ ముఖం చూడలేదు. మెడ చూశారు.

నా గదిలో ఒక కేశతైలం సీసా ఉండేది. దాని చీటీ మీద ఒక సుందరి తల కొంచెం పక్కకి వంచి నవ్వీ నవ్వనట్టు కూర్చుంటుంది. ఆవిడ మీద గళ్ళు గీశాను. చెంపల దగ్గర జుట్టు తెలుపు చేశాను. నోటి పక్కన రెండు గీతలు గీశాను. ముఖం అయిపోయింది. ఇక మిగిలిన పదిహేను రోజులూ కాసులపేరు మీద కూర్చున్నాను. పటం తీసుకెళ్ళడానికి వచ్చిన కొడుకులు వేలు పెట్టి కాసులు లెక్కపెట్టుకున్నారు. సరిపోయాయి. వెంటనే ఇద్దరూ భోరుమన్నారు.

"అమ్మేరా! అమ్మే!"

ముత్తైదువగా పోయినావిడ అయితే ఇంత బొట్టు. భర్త ముందే పోయినావిడ అయితే బొట్టు తీసేసి నెత్తి మీద చెంగు. ఇలా ఆ సీసా సుందరి పదకొండు ఇళ్ళలో అమ్మ అయింది. నాకూ జాగ్రత్త ఉంది. ఒక ఊళ్ళో రెండు ఇళ్ళకి ఇవ్వలేదు. అయితే పెళ్ళి సంబంధాలు బస్సెక్కి ఊళ్ళు దాటతాయనే సంగతి, పెళ్ళయినవాణ్ణి అయి ఉండీ, నాకు తట్టలేదు.

డెబ్బైల మొదట్లో ఒక ఉదయం ఒక అమ్మాయి రేపల్లె పాసింజరు దిగి సరాసరి నా గదికి వచ్చింది. వెంట వచ్చిన మేనమామ కింద సోడాబండి దగ్గర ఆగిపోయాడు. చెరుకుపల్లి పక్క పల్లెటూరి రైతు కూతురు. బి.ఎస్సీ. పాసయింది. ఆరేళ్ళ కిందట ఆ పిల్ల నాయనమ్మ పటం వేసింది నేనే. పెద్ద బొట్టు, ఎర్రరాయి ముక్కుపుడక. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, మీ బొమ్మ వల్ల నా పెళ్ళి ఆగిపోయింది," అంది.

జరిగింది ఇది. బాపట్ల నుంచి పెళ్ళిచూపులకి వచ్చారు. అబ్బాయి బ్యాంకులో గుమాస్తా. వెంట అతని తండ్రి, మేనత్త. బజ్జీలు పెట్టారు. మేనత్త బజ్జీ నోటి దాకా తీసుకెళ్ళి, గోడ వైపు చూసి, కెవ్వుమంది.

"ఒరే తమ్ముడూ! అటు చూడరా! బొట్టు తుడిపేస్తే మన అమ్మ కదరా!"

వాళ్ళ ఇంట్లో ఉన్న అమ్మనీ నేనే వేశాను. చెంగు కప్పుకున్న రకం. ఆ తమ్ముడు లేచి, పటం దగ్గరికి వెళ్ళి, చెమర్చిన కళ్ళతో వెనక్కి తిరిగాడు. ఆ తరువాత పెద్దలు ఆలోచించారు. మనవాళ్ళు ఆలోచించడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. బాపట్ల ముసలావిడ పుట్టిల్లు పిట్టలవానిపాలెం వైపు. ఈ ముసలావిడదీ ఆ పక్కే. వెనకటికి కలరా వచ్చినప్పుడు ఎవరో ఒక ఆడపిల్లని ఎవరికో పెంపకానికి ఇచ్చారని ఎవరో అనగా ఒకాయన చిన్నప్పుడు విన్నాడు. ఇంకేం కావాలి? ముసలమ్మలిద్దరూ అక్కచెల్లెళ్ళు. అక్కచెల్లెళ్ళ కొడుకులు అన్నదమ్ములు. అన్నదమ్ముల పిల్లలు...

"అతను నాకు అన్నయ్య అవుతాడట," అంది అమ్మాయి. "మా నాన్నా, ఆయనా కౌగిలించుకుని ఒకటే ఏడుపు. యాభై ఏళ్ళకి అన్న దొరికాడని మా నాన్న ఊరంతా చెప్పుకుంటున్నాడు. నాకు ఆల్రెడీ ఒక అన్నయ్య ఉన్నాడు మాస్టారూ. వాడితోనే వేగలేకపోతున్నాను. ఇంకో అన్నయ్య నాకొద్దు."

నేను గొంతు సవరించుకున్నాను. "చూడమ్మా, కళ అనేది ఒక్కోసారి మనిషికి తెలియని నిజాల్ని పట్టుకుంటుంది. నా కుంచె రెండు ముఖాల్లోని రక్తసంబంధాన్ని..."

"మా నాయనమ్మకి కుడిచెవి తమ్మె తెగి ఉండేది," అంది. "దూడ లాగింది. పదేళ్ళు ఆ చెవి పట్టుకుని పడుకున్నాను. మీ బొమ్మలో చెవి నిక్షేపంలా ఉంది. మీరు మా నాన్నని అడిగారు, బాబాయిని అడిగారు. నన్ను అడగలేదు."

నేను అప్పటికే శుభ్రంగా ఉన్న కుంచెల్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టాను.

"ఎన్ని ఇళ్ళల్లో ఉందీవిడ?"

"పదకొండు," అన్నాను. ఎందుకు చెప్పానో తెలియదు. లెక్కల మేష్టరు అడిగినట్టు అడిగింది.

సీసా చూపించాను. ఆ పిల్ల సీసాని చాలాసేపు చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఇదివరకు పెళ్ళిచూపులకి వచ్చిన ముగ్గురూ వాళ్ళ జీతం చెప్పారు. ఇతను నేనేం చదువుతానని అడిగాడు. వచ్చి మావాళ్ళకి నిజం చెప్పండి."

ఒక ఆడపిల్ల బతుకు నిలబడుతుందంటే నా పరువు ఏపాటిదని తలచి, ఆ క్షణమే కండువా వేసుకుని బయలుదేరాను. ఈ వాక్యం నేను చాలా చోట్ల చెప్పాను. నిజానికి కుదరదన్నాను. నా నోట్లో అన్నం కొట్టకమ్మా అన్నాను. జ్వరం అన్నాను. "అయితే ఆ పదకొండు ఊళ్ళూ చెప్పండి, నేనే తిరుగుతాను," అని ఆ పిల్ల నా నోటుపుస్తకం మీద చెయ్యి వేసింది. అప్పుడు వేసుకున్నాను కండువా.

నేను వెళ్ళిన రోజున బాపట్ల వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. కొత్తగా దొరికిన తమ్ముడికి కొత్తబట్టలు పెట్టడానికి వచ్చారు. పెళ్ళికొడుకు కావలసినవాడు అన్నయ్య హోదాలో అరుగు మీద ఒక మూల కూర్చుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు. నన్ను చూడగానే అమ్మాయి తండ్రి ఎదురొచ్చాడు.

"రండి రండి! మీరు దేవుడండీ. చచ్చిపోయిన మా అమ్మకి తోబుట్టువుని వెతికిపెట్టారు."

ఒక మోసగాడికి ఇంతకంటే కష్టమైన స్వాగతం ఉండదు. నిలబడే చెప్పేశాను. ఆ ముఖం మీ అమ్మది కాదండి. మీ అమ్మదీ కాదండి. ఇదుగోనండి అసలు మనిషి. అని సీసా బల్ల మీద పెట్టాను.

బాపట్ల ఆయన సీసా చేతిలోకి తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"అక్కా, చూశావా, ఈవిడెవరో కూడా మన అమ్మ పోలికేనే."

"ఆ కళ్ళు చూడరా," అంది మేనత్త. "ఈ పిల్లదీ ఆ పిట్టలవానిపాలెం వైపే అయ్యుంటుంది."

నేను బిత్తరపోయాను. నా జీవితంలో మొట్టమొదటిసారి నిజం చెబితే, అది వాళ్ళ బంధువుల్లో ఇంకొకరిని పెంచింది.

"కాదండీ, నేనే ఈవిణ్ణి చూసి..."

"నువ్వు ఊరుకోవయ్యా," అన్నాడు అమ్మాయి తండ్రి. దేవుడి నుంచి నువ్వు దాకా రావడానికి ఎంతోసేపు పట్టలేదు. "మా పిల్ల ఏడుస్తుంటే జాలిపడి ఈ కథ అల్లుకొచ్చావు. అదే నేర్పి ఉంటుంది. అమ్మని చూసి అమ్మ కాదనుకోవడానికి మేమేమన్నా చంటిపిల్లలమా?"

"కన్నకూతుర్ని, నాకు తెలీదటయ్యా?" అంది మేనత్త. "నాలుగేళ్ళ నుంచి రోజూ పొద్దున్నే దణ్ణం పెడుతున్నాను. నూనెసీసాకి పెడుతున్నానంటావా? నోరు పడిపోగలదు!"

ఇక్కడ విషయం అర్థమైంది. వాళ్ళకి పెళ్ళి కంటే అన్నదమ్ములు దొరకడమే ముద్దుగా ఉంది. పెళ్ళయితే వియ్యంకులవుతారు, లాంఛనాల దగ్గర మాటా మాటా వస్తుంది. అన్నదమ్ములకి కొత్త పంచెలతో సరిపోతుంది. పైగా పొలం గట్టు తగాదా లేని అన్నదమ్ములు మా వైపు ఎవరికి దొరుకుతారు?

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి నా వంక చూసింది. అబ్బాయి కూడా తల ఎత్తాడు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది.

"మూడో ఇల్లు చూపిస్తాను, వస్తారా?" అన్నాను. "బాపట్లలోనే." ఒక ఊళ్ళో రెండు ఇళ్ళకి ఇవ్వలేదన్నానే, రైలుకట్ట అవతలి పేటని నేను వేరే ఊరి కిందే లెక్కవేశాను.

మర్నాడు పొద్దున్న అందరం బాపట్ల బస్సు దిగి, రైలుకట్ట దాటి నడిచాం. పేట మొదట్లోకి వచ్చేసరికి ఇద్దరు తండ్రులూ ఆగారు.

"ఇటేంటయ్యా? వీళ్ళ పేటలో మనకేం పని?"

"పటం ఇక్కడే ఉందండి," అన్నాను.

అది మిషన్ బడిలో పనిచేసే మేష్టారి ఇల్లు. లూథరన్ చర్చికి వెళ్ళే కుటుంబం. వాళ్ళమ్మ మా వైపు రైతుల పొలాల్లోనే ఊడ్పులూ కోతలూ చేసి కొడుకుని చదివించింది. ఐదేళ్ళ కిందట ఆయన అమ్మ పటం కావాలని వస్తే, నోటుపుస్తకం తెరిచి, "నగలేంటండి?" అన్నాను. "నగలేం లేవండి," అన్నారు. రాసుకోవడానికి ఇంకేమీ లేదని పుస్తకం మూసేశాను. ఒక్క ప్రశ్న అడగలేదు. సీసా ముఖం, తెల్లచీర, ఒడిలో బైబిలు, కుర్చీ, వెనక ఎప్పటిలాగే స్తంభాలు, సరస్సు. త్వరగా అయిపోయిన పని.

మేష్టారు మమ్మల్ని చూసి కంగారుపడి, పక్కింటి నుంచి కూడా కుర్చీలు తెప్పించారు. "కూర్చోండి బాబూ, కూర్చోండమ్మా." ఎవరూ కూర్చోలేదు. "పర్లేదులే, పర్లేదు," అంటూ గది మధ్యలో ఒకరికొకరు ఆనుకున్నట్టు నిలబడ్డారు. లోపలి గుమ్మంలో ఆయన పిల్లలు ముగ్గురు తొంగిచూస్తున్నారు.

గోడ మీద, తండ్రులిద్దరి అమ్మ, బైబిలు పట్టుకుని కూర్చుని ఉంది.

మేనత్త ఆ పటం వంక చూసింది. చూస్తూ ఉండిపోయింది. ఆవిడ నోట్లోంచి ఒక్క మాట రాకపోవడం ఆ రెండు రోజుల్లో అదే మొదలు. రెండు ఇళ్ళలో కనిపిస్తే అక్కచెల్లెళ్ళన్నారు. సీసా మీద కనిపిస్తే పిట్టలవానిపాలెం అన్నారు. మూడో ఇంట్లో బైబిలు పట్టుకుని కనిపించేసరికి ఏ కలరా కథా ఎవరికీ గుర్తు రాలేదు.

నా నాలుక ఊరుకోదు గదా. "ఏమోనమ్మా, అక్కచెల్లెళ్ళు ముగ్గురేమో," అన్నాను.

"నోర్ముయ్!" అన్నారు తండ్రులిద్దరూ ఒక్కసారే. అన్నదమ్ములుగా వాళ్ళు కలిసి పలికిన ఆఖరి మాట అదే.

"నేను మొదటే అనుకున్నాను," అన్నాడు బాపట్ల ఆయన. "ఇదంతా వీడి దొంగపని అని."

"ఆ సీసా చూసినప్పుడే నాకు తెలిసిపోయింది," అంది మేనత్త. "అదే ముక్కు, అవే కళ్ళు. ముండావాడు అందరికీ ఒకటే అంటగట్టాడు."

మేష్టారు ఏమీ అర్థం కాక అందరి ముఖాలూ చూస్తున్నారు. నేను ఆయనకీ చెప్పాల్సి వచ్చింది. ఆ పటంలో ఉన్నది మీ అమ్మ కాదని, నూనెసీసా మీది బొమ్మ అని, అందరి ముందూ, నాలుగు మాటల్లో చెప్పేశాను. ఆయన, "అలాగాండి," అన్నారు. అంతే.

అంతలో ఆయన భార్య టీ తెచ్చింది. ఏడు గ్లాసులు. పళ్ళెం అందరి ముందుకీ వెళ్ళింది. "ఇప్పుడే తాగి వచ్చామమ్మా," అన్నాడు ఒకాయన. "నాకు పడదు," అన్నాడు రెండో ఆయన. గ్లాసులు బల్ల మీదికి చేరాయి. అమ్మాయి ముందుకు వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక గ్లాసు తీసుకుని తాగింది. అబ్బాయి ఆ పిల్ల వంక చూశాడు. తనూ కూర్చుని తాగాడు. అబ్బాయి తండ్రి ఏదో అనబోతే, "బావుంది మామయ్యా, అల్లం వేశారు," అంది అమ్మాయి. పెదనాన్నా అనకుండా మామయ్యా అనడం అందరికీ వినిపించింది.

వీధిలోకి వచ్చాక, రైలుకట్ట చేరేలోపలే తండ్రుల మధ్య 'అన్నయ్యా' పోయి 'బావగారూ' వచ్చింది. బస్సెక్కేసరికి ముహూర్తాల మాట వచ్చింది. ఆ వేసవిలోనే పెళ్ళి అయింది. నాకు శుభలేఖ రాలేదు. ఆ అమ్మాయి మాత్రం ఒక కార్డు రాసింది. 'అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, కుశలం' అని. ఆ తరువాత ఆ పదకొండు ఇళ్ళలో కొన్ని పటాలు దిగాయనీ, కొన్ని దిగలేదనీ విన్నాను. తెలిసి కూడా దింపని వాళ్ళు ఉన్నారు. గోడ బోసిగా ఉంటుంది కదా.

ఈ కథ నేను ఎవరికి చెప్పినా ఇక్కడ ఆపి, ఒక ఆడపిల్ల పెళ్ళి నిలబెట్టానని మీసం సవరించుకునేవాణ్ణి. వయసు మీద పడింది. మిగిలింది కూడా చెబుతాను.

పదకొండు ఇళ్ళలో మూడో ఇంటికి తీసుకెళ్ళాలంటే, ఆ రెండు కుటుంబాలు పోను ఇంకా తొమ్మిది ఉన్నాయి. అందులో ఎనిమిది మావాళ్ళవే. ఆ ఎనిమిదిలో ఎక్కడికి తీసుకెళ్ళినా ఏం జరిగేదో నాకు తెలుసు. మూడో అక్క దొరికిందని ఇంకో జత పంచెలు కొనేవాళ్ళు. ఈ ఒక్క ఇంట్లో అయితే ఆ మాట నోట రాదని కూడా తెలుసు. తెలిసే తీసుకెళ్ళాను. ఉపాయం తట్టిందని పైన రాశానే, అది ఇదే. ఆ మేష్టారి తల్లిని వాళ్ళ ముందు పెడితే వాళ్ళు వెనక్కి దూకుతారని లెక్క వేసుకున్నాను. లెక్క తప్పలేదు.

వాళ్ళంతా వెళ్ళాక నేను ఒక్కణ్ణే ఆగాను. మేష్టారు బల్ల మీది గ్లాసులు తీస్తున్నారు. ఐదు గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టి ఉంది. నలుగురు పెద్దలే కదా తాగనిది, ఐదోది ఎవరిదా అని చూశాను. నాలుగు వాళ్ళవి. అందులో ఒకటి మేనమామది, ఆయన కూడా వచ్చాడని చెప్పడం మరిచాను. ఐదోది నాది.

"క్షమించాలి మేష్టారూ," అన్నాను. "మోసం చేశాను."

"నాకు మొదటి రోజే తెలుసండి," అన్నారు. "మా అమ్మ నలుపండి. మీరు తెల్లగా వేశారు."

"మరి ఎందుకు తీసుకున్నారు?"

"తిరిగిచ్చేద్దామనే విప్పానండి. మా పిల్లలు చూసి నానమ్మా అని దణ్ణం పెట్టుకున్నారు. వాళ్ళు పుట్టేసరికి మా అమ్మ లేదు కదండీ. సరేలే అనుకున్నాను." లోపలి గుమ్మం వైపు చూశారు. పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. పెద్దపిల్ల పటం వంక చూడడం లేదు, నా వంక చూస్తోంది. "ఇవాళ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పుకోవాలి."

నేను తడబడుతూ జేబులోంచి పెన్సిలు తీశాను. "ముఖం ఎలా ఉండేదో చెప్పండి. ఇప్పుడే రాసుకుంటాను. మళ్ళీ వేస్తాను, ఊరికే వేస్తాను."

"ఇవాళ వద్దండి," అన్నారు. "ఆదివారం ప్రార్థన అయ్యాక రండి. నిదానంగా చెబుతాను."

ఆ ఆదివారం వెళ్ళాననీ, ఆయన చెబుతుంటే పొద్దుగుంకేదాకా కూర్చుని గీశాననీ, గళ్ళు లేకుండా నేను వేసిన ముఖం అదొక్కటేననీ, అది ఇప్పటికీ బాపట్లలో ఆ గోడ మీద ఉందనీ ఇక్కడ ఒక పేజీ రాశాను. బాగా వచ్చింది. మా మనవరాలు చదివి కళ్ళు తుడుచుకుంది కూడా.

రాత్రి ఆ పేజీ చింపేశాను. నేను వెళ్ళలేదు.